దూకకుండా దిగొచ్చిన సంతోషి

హెలికాప్టర్ ఎక్కి పైదాకా పోయి, దూకకుండా మళ్ళీ అదే హెలికాప్టర్లో దిగొచ్చిన పిల్ల ఎవరని అడిగితే గోదావరిఖనిలో ఇప్పటికీ చెప్తారు. సెంటినరీ కాలనీ సదయ్య బిడ్డ, సంతోషి. చెప్పేటప్పుడు సగంమంది నవ్వుతారు. ఆ నవ్వు ఆమెకు కొత్త కాదు. కూరగాయల మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే వెనకనుంచి వినబడుతుంది. అప్పుడామె చేతిలో వంకాయ చేతిలోనే ఉంచుకొని వెనక్కి తిరిగి, నవ్వినవాళ్ళ మొహంలోకి సూటిగా చూస్తుంది. చూపు తిప్పుకునేది వాళ్ళే.

సదయ్య బతుకంతా బొగ్గు బాయిలోనే గడిచింది. బొగ్గు తీసిన చోట పైనున్న బండ కూలకుండా దిమ్మెలు నిలబెట్టి, బోల్టులు బిగించే పని. మోకాళ్ళు అరిగి, ఊపిరి చాలక మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం ఉన్న ఒక్క బిడ్డకు వచ్చింది. సంతోషిని బాయి మీద లాంప్ రూములో వేశారు. షిఫ్టుకు దిగేవాళ్ళ టోపీలకు లైట్లివ్వాలి, ఎక్కి వచ్చినవాళ్ళ దగ్గర తీసుకొని చార్జింగుకు పెట్టాలి. ఒక్క లైటు వాపసు రాలేదంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. అందుకని షిఫ్టు దిగే వేళకు ఆమెతో ఎవరూ ముచ్చట పెట్టుకోరు. పెట్టుకున్నా జవాబు రాదు.

ఆకాశం పిచ్చి మాత్రం ఉద్యోగం కంటే ముందుది. డిగ్రీ చదివే రోజుల్లో, యూనిఫాం మీది మోజుతో ఎన్‌సీసీలో చేరింది. రెండో ఏడు ఆగ్రాలో పారాచూట్ క్యాంపుకు పిల్లల్ని ఎంపిక చేస్తున్నారంటే పేరిచ్చింది. వాళ్ళ కాలేజీ నుంచి పరుగులో నెగ్గి, డాక్టర్ పరీక్షలు దాటి, చివరికి మిగిలింది ఇద్దరే. సంతోషి, ఇంకొకడు సోహైల్. చౌరస్తా దగ్గర మోటార్‌సైకిళ్ళు బాగుచేసే గులాం అలీ కొడుకు.

ఇంట్లో తల్లి సారవ్వ అన్నం ముట్టలేదు.

“మీ బాపు భూమి కిందికి పోతాంటే ఇన్నేండ్ల సంది పానం అరచేతుల పట్టుకొని కూసున్న. ఇప్పుడు నువ్వు మీదికి పోతా అంటవ్” అన్నది.

“బాపును ఎన్నడన్న పోవద్దన్నవా అవ్వా?”

“పోవద్దంటే తినేదేంది?”

“మరి నన్ను గూడ అనకు.”

బిడ్డ సంచి సదయ్యే సర్ది, రామగుండం స్టేషన్లో రైలెక్కించి వచ్చాడు.

ఆగ్రాలో మొదటిసారి విమానం తలుపు దగ్గర నిలబడ్డప్పుడు సంతోషి అంచు పట్టుకొని ఆగిపోయింది. వెనకనుంచి సోహైల్ “నువ్వు దూకకుంటే జరుగు, నాకు తొవ్వియ్యి” అన్నాడు. ఆ కోపానికే దూకేసింది. తలమీద గొడుగు విచ్చుకున్నాక విమానం హోరు పోయి, ఒక్కసారిగా అంతా సద్దుమణిగింది. అంత ప్రశాంతత ఆమెకు కాలనీలోగాని, క్లాసులోగాని ఎన్నడూ దొరకలేదు. కిందికి రాబుద్ధి కాలేదు.

డిగ్రీ అయ్యాక సోహైల్ ఉత్తరాదిన ఒక స్కైడైవింగ్ సెంటర్లో పనికి చేరాడు. సంతోషి లాంప్ రూములో చేరింది. ఏడాదంతా సెలవులు కూడబెట్టుకొని చలికాలంలో ఆ సెంటర్‌కు పోయేది. అక్కడ శిక్షణ ఇచ్చేది రఘుపతి. కరీంనగర్ మనిషి, సైన్యంలో పారాచూట్ దళంలో చేసి రిటైరయ్యాడు. మాట తక్కువ, గద్దింపు ఎక్కువ. వాళ్ళిద్దరికీ లైసెన్సులు వచ్చేదాకా ఆయన వదల్లేదు.

మూడో చలికాలం సోహైల్ కొత్త పారాచూట్ కొన్నాడు. పాతదానికంటే బాగా చిన్నది. పారాచూట్ చిన్నదైనకొద్దీ ఉరుకు ఎక్కువ, తిప్పితే చప్పున తిరుగుతుంది. కుర్రవాళ్ళకు అదే సరదా. రఘుపతి “ఇంకో ఏడాది ఆగరా” అన్నాడు. సోహైల్ నవ్వి ఊరుకున్నాడు.

ఒక మధ్యాహ్నం సంతోషి ముందు దిగి, గ్రౌండు అంచున తన పారాచూట్ చుట్టుకుంటూ పైకి చూసింది. సోహైల్ ఎర్ర గొడుగు చక్కగా విచ్చుకొని వస్తున్నది. తాళ్ళు తిన్నగా ఉన్నాయి, చిక్కు లేదు, చిరుగు లేదు. అతను దిగబోయే ముందు గాలి దిశ మారింది. ఎదురుగా ఉండవలసిన గాలి వీపు వెనక్కి వచ్చింది. అట్లనే దిగితే జోరుగా వచ్చి నేలమీద దొర్లుతాడు. కాలో చెయ్యో విరుగుతుంది, అంతే. విరిగింది అతుకుతుంది.

పారాచూట్‌కు రెండు పక్కలా రెండు పిడులుంటాయి. కుడిది లాగితే కుడికి, ఎడమది లాగితే ఎడమకు తిరుగుతుంది. గట్టిగా లాగితే ఊరికే తిరగదు. ఒక పక్కకు ఒరిగి, గద్ద దిగినట్టు కిందికి దూసుకొస్తుంది. మళ్ళీ నిలదొక్కుకోవాలంటే కింద ఖాళీ ఉండాలి. ఎత్తున ఉన్నప్పుడు అది ఉయ్యాల. నేల దగ్గర ఆ ఖాళీ ఉండదు. అది సోహైల్‌కు తెలుసు. కొత్తవాళ్ళకు చెప్పేది కూడా అతనే. కాని గాలి వెనక నుంచి నెడుతుంటే, నేల ఉరికి వస్తుంటే, అతని చెయ్యి కుడి పిడిని లాగేసింది.

సంతోషి పరుగెత్తి పోయేసరికి ఆ ఎర్ర పారాచూట్ ఇంకా గాలితో నిండే ఉంది. అతన్ని గడ్డిమీద కొంచెం కొంచెం జరుపుతున్నది. ఆమె దానిమీద పడి, రెండు చేతులా గాలి అణిచి, అక్కడే కూర్చుండిపోయింది.

గోదావరిఖనికి ఆ వార్త వేరేగా చేరింది. పారాచూట్ తెర్సుకోలేదంట. మడతబెట్టినోడు సరిగ్గ మడతబెట్టలేదంట. రాసిపెట్టి ఉంటే ఎవలు తప్పిస్తరు. తలా ఒక మాట. సంతోషి కాదని చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. తెరుచుకోని పారాచూట్ అందరికీ అర్థమవుతుంది. తెరుచుకున్న పారాచూట్ కింద చావడం ఎవరికీ అర్థం కాదు.

నలభై రోజుల ఫాతెహా అయ్యాక ఆమె సోహైల్ ఇంటికి పోయింది. అతని తల్లి రబియా బీ తలుపు తీసి, చాప వేసి, ఎదురుగా కూర్చున్నది. తర్వాత మెల్లగా అడిగింది.

“ఒక్కటి చెప్పు బేటా. పారాచూట్ తెర్సుకోక అంత ఎత్తుకెల్లి పడుతాంటే నా కొడుకు ఎంతసేపు భయపడి ఉంటడు? నాకు కండ్లు మూస్తే గదే కనబడుతాంది.”

“పడలే ఖాలా. పారాచూట్ మంచిగనే తెర్సుకున్నది. నేను చూసిన. హాయిగ వచ్చిండు, నేల దాక.”

“తెర్సుకుంటే ఎట్ల సచ్చిపోతరు?”

సంతోషి తన రెండు చేతులు పారాచూట్ లెక్క పట్టి చూపించింది. గాలి ఎటునుంచి వచ్చిందో, ఎందుకు తిరగాలనుకున్నాడో, తిరిగితే ఏమైందో. రబియా బీ ఆ చేతుల వంకే చూస్తున్నది.

“ఒక్క చెయ్యి గుంజినందుకా?”

“ఒక్క చెయ్యి గుంజినందుకే.”

“అందరు నసీబ్ అన్నరు.”

“నసీబ్ కాదు ఖాలా. గా చిన్న పారాచూట్ అప్పుడే ఒద్దని సార్ అన్నడు. అన్నడు గని చేతులకెల్లి గుంజుకోలే. పక్కనున్నోళ్ళంత శభాష్ అన్నరు. అంతమంది ముందల దాన్ని పక్కన పెట్టనీకి సోహైల్‌కు సిగ్గయింది.”

రబియా బీ లేచి నిలబడింది. “పో బిడ్డా. ఇయ్యాల నీ మొఖం చూడబుద్ధి అయితలేదు నాకు. నసీబ్ అంటే నేను ఏడ్సి ఊకుందును. ఇప్పుడు ఎట్ల ఊకోవాలె చెప్పు.”

సంతోషి వచ్చేసింది. తొవ్వంతా తను చేసింది తప్పో ఒప్పో తేలలేదు. అబద్ధం చెప్పి రావడం మాత్రం తనవల్ల అయ్యేది కాదని తెలుసు.

ఇక పిల్ల దూకడం మానేస్తుందని కాలనీ అంతా అనుకున్నది. సారవ్వ దేవుడికి మొక్కుకున్నది కూడా. ఆ చలికాలమే సంతోషి మళ్ళీ అదే సెంటర్‌కు పోయింది. అయితే ఇదివరకటి సంతోషి కాదు. దేశదేశాల్లో పారాచూట్ ప్రమాదాలు ఎట్లా జరిగాయో దొరికినవన్నీ చదివింది. సామాను మోసం చేసిన సందర్భాలు ఉన్నాయి, లేకపోలేదు. కాని ఎక్కువమంది తలమీద మంచి పారాచూట్ ఉండగానే పోయారు. నేలకు దగ్గరగా తిప్పినవాళ్ళు, పక్కవాడిని చూసుకోక పైన గుద్దుకున్నవాళ్ళు. చిక్కుపడ్డ పారాచూట్‌ను ఇంకొంచెం చూద్దాం, ఇంకొంచెం చూద్దాం అని విడిపించబోయి, ఆపదకని ఉంచిన రెండో పారాచూట్‌ను తెరిచే ఎత్తు దాటిపోయినవాళ్ళు. ఆ కథలన్నిటిలో ఎక్కడో ఒకచోట ఒక మనిషి “వద్దు” అనవలసి ఉండె. అనలేదు, లేదా అన్నా ఎవరూ ఆగలేదు.

రఘుపతి దగ్గరికి పోయి చెప్పింది. “సార్, ఇగనుంచి మనల ఎవ్వలన్న ఒక్కరు ఒద్దంటే అందరం ఒద్దే. ఎందుకని పైన అడుగుడు ఉండది.”

“చిన్నపోరడు భయానికి ఒద్దన్నా ఆగాల్నా?”

“ఆగాలె.”

రఘుపతి సరేనన్నాడు. సోహైల్ పోయినప్పటినుంచి ఆయన గద్దింపు తగ్గింది.

ఇట్లా ఉండగా, గోదావరిఖనిలో పట్టణ ఉత్సవాలు చేస్తామని ఒక యువజన కమిటీ పూనుకున్నది. దాన్ని నడిపేది సంపత్. ఫ్లెక్సీలు కొట్టే షాపు అతనిది. నోట్లో నాలుక ఉన్న మనిషి, పదిమందిని పోగుచెయ్యగలడు. జనాన్ని ఎక్కించి తిప్పడానికి హైదరాబాద్ నుంచి హెలికాప్టర్ తెప్పిస్తున్నాడు. అందులోనుంచి మన ఊరి ఆడపిల్ల జెండా పట్టుకొని దూకితే ఎట్లా ఉంటుందని సంతోషి ఇంటికి వచ్చి అడిగాడు. సదయ్య మొహం వెలిగిపోయింది. బిడ్డ దూకడం ఆయన ఎన్నడూ కళ్ళతో చూడలేదు.

సంతోషి పోయి కాలేజీ గ్రౌండు చూసి వచ్చింది. ఒక పక్క కరెంటు లైన్లు, ఒక పక్క మూడంతస్తుల బిల్డింగు, ఆ వెనక ఓపెన్‌కాస్ట్ గనిలో తవ్విపోసిన మట్టి గుట్ట. పొద్దున గాలి నిద్రపోతున్నట్టు ఉంటుంది గనక ఇబ్బంది లేదు. మధ్యాహ్నం దాటితే గుట్ట మీదుగా వచ్చిన గాలి ఇవతల సుడులు తిరుగుతుంది. అట్లాంటి గాలిలో గొడుగు ఉన్నట్టుండి ముడుచుకుపోతుంది.

“పొద్దుగాలనే దూకుతం సంపతన్నా. ఎండ ఎక్కినంక దూకం. గ్రౌండుల మా లాంప్ రూముల పనిచేసే జైపాల్ గాలి కొలిచే మిషన్ పట్టుకొని ఉంటడు. దిగేకాడ ఒక్క మనిషి ఉండొద్దు.”

“అట్లనే చెల్లె. నువ్వెట్లంటే అట్ల” అన్నాడు సంపత్.

హోళీ వెళ్ళిన ఆదివారం పొద్దున్నే సంతోషి, రఘుపతి తయారై కూర్చున్నారు. గాలి లేదు. ముఖ్య అతిథి కూడా రాలేదు. పెద్దపల్లి దాటిండంట, ఎవరింట్లోనో చాయ్ తాగుతున్నడంట, ఇగో వస్తున్నడంట. ఆయన లేకుండా మొదలుపెట్టనియ్యనని సంపత్ పట్టుబట్టాడు. ఆయన వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి గ్రౌండు చుట్టూ జనం. కాలనీ నుంచి ఆటోల్లో, ట్రాలీల్లో వచ్చారు. ముందు వరుసలో సదయ్య తెల్ల చొక్కా వేసుకొని కూర్చున్నాడు.

“ఇప్పుడు కాదన్నా” అన్నది సంతోషి.

“ఇంతమందిని నేనెట్ల ఎల్లగొట్టాలె చెల్లె? ఒక్కసారి మీదికి పోయి చూడుండ్రి. గాలి తగ్గితే దూకుండ్రి.”

రఘుపతి మిషన్ చూశాడు. “హద్దు మీద ఉంది. పైకిపోయి చూద్దాం” అన్నాడు. సంతోషి ఒప్పుకున్నది. ఆమెకూ దూకాలనే ఉంది. బాపు కూర్చున్న కుర్చీ ముందర దిగాలని ఎన్ని రోజులనుంచో అనుకుంటున్నది.

హెలికాప్టర్ లేచింది. కింద గోదావరి, ఇసుక మేటలు, ఎన్టీపీసీ పొగగొట్టాలు, నల్లగా తవ్విన గుంతలు, వాటి పక్కన బూడిదరంగు గుట్టలు. తను పుట్టిపెరిగిన చోటు అంతా ఒక్క చూపులో పట్టింది. తలుపు తీశారు. హెడ్‌సెట్లో జైపాల్ గొంతు వచ్చింది.

“అక్కా, ఒక్కపారి తక్కువ చూపెడుతాంది, ఒక్కపారి మస్తు చూపెడుతాంది. సంపతన్న పక్కనే ఉన్నడు, దూకుమని చెప్పు అంటాండు. నేనైతే చెప్పలేను. నువ్వే చూడు.”

ఆమె తల బయటపెట్టి చూసింది. ఉత్సవమని గ్రౌండు రెండు కొసలకూ జెండాలు కట్టారు. స్టేజీ దగ్గరి జెండాలు గోదావరి దిక్కు ఎగురుతున్నాయి. బిల్డింగు దగ్గరివి బజారు దిక్కు ఎగురుతున్నాయి. మట్టి గుట్ట మీద దుమ్ము లేచి, వంపు తిరిగి గ్రౌండు మీదికి దొర్లుతున్నది.

“పోదాం. బిల్డింగుకు దూరంగ దిగుదాం” అన్నాడు రఘుపతి చెవి దగ్గర అరుస్తూ.

ఆయన తనకంటే ఎన్నోరెట్లు ఎక్కువ దూకినవాడు. ఆయన దిగగలడేమో. తనూ దిగగలదేమో. ఆ ‘ఏమో’ దగ్గర ఆమె ఆగింది. కింద మైకులో తన పేరు పిలుస్తున్నారని తెలుసు. కాలు బయటపెట్టాలని ఒళ్ళంతా తొందరపడుతున్నది. ఆ తొందర గాలి చూసి పుట్టింది కాదు, జనాన్ని చూసి పుట్టింది.

“ఒద్దు సార్” అన్నది.

రఘుపతి ఆమెవైపు తిరిగాడు. మొహం ఎర్రబడ్డది. చెయ్యి చాచి తలుపు వేశాడు. సంతోషి పైలట్ భుజం తట్టి కిందికి చూపించింది.

హెలికాప్టర్ గ్రౌండు మూలకు దిగింది. దుమ్ము అణిగాక, వీపున పారాచూట్ సంచితోనే ఆమె దిగి నడిచింది. జనానికి మొదట అర్థం కాలేదు. తర్వాత ఎవడో ఈల వేశాడు. ఆ ఈల పట్టుకొని గ్రౌండంతా ఈలలు. ఫోన్లన్నీ ఆమె మీదికి తిరిగాయి.

సంపత్ ఎదురొచ్చాడు. “నా ఇజ్జత్ తీసినవ్ గదా చెల్లె.”

స్టేజీ మీద ముఖ్య అతిథి మైకు అందుకొని, “ఆడపిల్ల గదా, పైకి పోయేసరికి భయపడ్డది పాపం. అయినా అంత ఎత్తుకు పోయినందుకు చప్పట్లు కొట్టుండ్రి” అన్నాడు. జనం నవ్వుతూ కొట్టారు.

సంతోషి నేరుగా స్టేజీ ఎక్కింది. ఆయన చేతిలో మైకు అడిగి తీసుకున్నది. ఆయనకు ఇవ్వక తప్పలేదు.

“నేను సంతోషిని. భయపడి దిగిరాలే. దూకేటందుకు గాలి మంచిగ లేదు, అందుకనే దిగొచ్చిన. పొద్దుగాల మంచిగుండె, అప్పుడు మీకు తీరలే. ఇంకోపారి పిలిచినా, గాలి గిట్లనే ఉంటే గిట్లనే దిగొస్త. నవ్వేటోళ్ళు నవ్వుండ్రి.”

మైకు టేబుల్ మీద పెట్టి దిగింది. ముందు వరుసలో సదయ్య కుర్చీ ఖాళీగా ఉంది.

సాయంత్రానికల్లా ఆ వీడియో అందరి ఫోన్లలోకి ఎక్కింది. మైకులో ఆమె చెప్పిన మాటలు కోసేసి, హెలికాప్టర్ దిగి నడిచింది మాత్రం ఉంచి, కింద నవ్వుల పాట పెట్టారు. మర్నాడు లాంప్ రూములో లైటు తీసుకుంటూ ఒకడు “అక్కా, మేము గూడ దిగకుండనే వాపసు వస్తం, భయమైతాంది” అన్నాడు.

“భయమైతే దిగకు. లైటు ఇక్కడ పెట్టి పో. నేను నవ్వ” అన్నది. అతను లైటు టోపీకి తగిలించుకొని షిఫ్టుకు పోయాడు.

బయటివాళ్ళ మాట ఎట్లా ఉన్నా, సదయ్య మాట్లాడకపోవడమే ఆమెను కోసింది. ఆయన టీకొట్టుకు పోవడం మానేశాడు. అన్నం తిని అటు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు ఆమే పోయి మంచం కోడు పట్టుకొని కూర్చున్నది.

“బాపూ, నేను పడి చస్తే నీకు ఇజ్జత్ ఉండునా?”

సదయ్య లేచి కూర్చున్నాడు. “అందరి లెక్కనే నేను గూడ అనుకున్న బిడ్డా. దూకితే బాగుండు అని. గా కుర్చీల కూసొని అనుకున్న. గది యాదికొచ్చి నీ మొఖం చూడలేకపోతున్న.”

తర్వాత ఆయన ఎన్నడూ చెప్పని ముచ్చట ఒకటి చెప్పాడు. బాయిలో ఒకసారి పైకప్పును కర్రతో కొడితే చప్పుడు తేడాగా వచ్చిందట. డొల్ల చప్పుడు. తను గ్యాంగునంతా వెనక్కి పట్టుకొచ్చాడు. పని ఆగింది. గ్యాంగువాళ్ళే తిట్టారు, ముసలోని చెవులు పోయినయని నవ్వారు.

“కప్పు కూలిందా మరి?” అడిగింది సంతోషి.

“కూలలే. గా రోజు కూలలే, గా నెల కూలలే. తర్వాత గా తొవ్వే మూసేసిండ్రు. కూలిందో లేదో నాకు ఇయ్యాలటికీ తెల్వది. గ్యాంగుల అందరు రిటైరయ్యి మనుమలతోని ఉన్నరు. నన్ను చూస్తే ఇప్పటికీ డొల్ల సదయ్య అంటరు.”

సంతోషికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ మర్నాడు సదయ్య మళ్ళీ టీకొట్టుకు పోయాడు. అక్కడేం జరిగిందో తెలియదు గాని, ఇంటికొచ్చి “ఇంకో చాయ్ తాగి మరీ వచ్చిన” అన్నాడు.

రబియా బీ వచ్చింది కూడా ఆ వారంలోనే. కొడుకు పోయినప్పటినుంచి చౌరస్తా దాటని మనిషి, ఆటో కట్టించుకొని సెంటినరీ కాలనీ దాకా వచ్చింది. క్వార్టర్ ముందర ఆడవాళ్ళు నలుగురు కూర్చొని చింతపండు గింజ తీస్తున్నారు. వాళ్ళలో ఒకామె ఆమెను ఎరుగక, “గా భయపడ్డ పిల్ల ఇల్లేనా? గదే” అని చూపించింది.

రబియా బీ అక్కడే నిలబడింది. “మీరు నవ్వుతున్న పిల్ల ఇంట్ల ఉన్నది గదా? అన్నం తింటాంది, డ్యూటీకి పోతాంది గదా? నా కొడుకును చూసి ఎవ్వలు నవ్వలే. మస్తు తారీఫ్ చేసిండ్రు. వాడు ఇంట్ల లేడు.”

ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. గొంతు విని సంతోషి బయటికి వచ్చింది. రబియా బీ ఆమె మొహం రెండు చేతులా పట్టుకొని చూసింది, చాలా దినాల బాకీ తీర్చుకుంటున్నట్టు.

“వాడు గూడ గిట్ల దిగొస్తే ఊరంత నవ్వనియ్యి, నేను మిఠాయి పంచేదాన్ని” అన్నది. సారవ్వ పోసిన చాయ్ తాగి, అదే ఆటోలో పోయింది.

రఘుపతి నుంచి మాత్రం చాలా రోజులు ఫోన్ రాలేదు. వచ్చినప్పుడు ఒక్కటే అన్నాడు. “నేనైతే దూకేవాణ్ణి సంతోషీ. మంచిగ దిగేవాణ్ణేమో. దిగకపోదునేమో. ఏది నిజమో చెప్పమంటే చెప్పలేను.”

“నేను గూడ చెప్పలేను సార్. గందుకనే ఒద్దన్న.”

తర్వాతి చలికాలం సంపత్ మళ్ళీ వచ్చాడు. ఉత్సవాలకు హెలికాప్టర్ మళ్ళీ వస్తున్నది. ఈసారి హైదరాబాద్ మనుషులను పిలుద్దామనుకున్నాడట. వాళ్ళు కూడా గ్రౌండు ఫొటోలు చూసి, అక్కడ దూకేది లేదన్నారట. ఆ మాట చెప్పడానికి అతను చాలా తిరిగి తిరిగి వచ్చాడు.

“ఊరి బయట కోసిన పొలాలల్ల అయితే దూకుత. పొద్దు పొడిచే యాళ్ళకు. స్టేజి లేదు, మైకు లేదు, పెద్దమనిషి కోసం ఆగుడు లేదు” అన్నది సంతోషి.

“గంత పొద్దుగాల ఎవ్వలొస్తరు చెల్లె?”

“వచ్చినోళ్ళే వస్తరు.”

వచ్చినవాళ్ళు తక్కువే. పొలాల యజమానులు, వాళ్ళ పిల్లలు, నైట్ షిఫ్టు దిగి ఇంటికి పోతూ బండ్లు ఆపిన కార్మికులు. సారవ్వ కూడా వచ్చింది. వచ్చిందిగాని తల పైకెత్తలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పొలం ఒడ్డుమీద గడ్డి వంకే చూస్తూ కూర్చున్నది. సదయ్య పక్కన నిలబడి చెప్తున్నాడు. దూకింది. తెర్సుకున్నది. వస్తాంది. గాలి కెదురుగ తిరిగింది, చానా పైనుంచే తిరిగింది.

సంతోషి నీలం గొడుగు మంచులోనుంచి నిదానంగా వచ్చింది. వరి కొయ్యకాళ్ళ మధ్య దిగి, బురదలో కాలు జారి, చతికిలబడ్డది. పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. రఘుపతి కొంచెం దూరంలో ముందే దిగి తాళ్ళు సర్దుకుంటున్నాడు.

బండి మీద కూర్చున్న ఒక కార్మికుడు, “గింతేనా అక్కా?” అన్నాడు.

“గింతే.”

“మరి పోయినపారి ఎందుకు భయపడ్డవ్?”

సంతోషి పారాచూట్‌ను చేతులమీద చుట్టుకుంటూ అతని దగ్గరికి నడిచింది. మోకాళ్ళ దాకా బురద.

“పోయినపారి గాలి బాగలేదు, దిగొచ్చిన. మళ్ళ బాగలేకుంటే మళ్ళ దిగొస్త. నువ్వు గప్పుడు గూడ గిదే అడుగు, నేను గిదే చెప్త.”

అతను నవ్వి, బండి స్టార్ట్ చేసుకొని పోయాడు. నమ్మాడో లేదో ఆమె పట్టించుకోలేదు. ఒడ్డుమీద సారవ్వ ఇంకా తల దించుకొనే ఉంది.

“అయిపోయిందా?” అని అడిగింది.

“అయిపోయింది అవ్వా. ఇగ చూడు.”

సారవ్వ తల ఎత్తి, బిడ్డను కాళ్ళనుంచి తలదాకా చూసి, “గా బురద కడుక్కో. డ్యూటీ యాళ్ళయితాంది” అన్నది.